చవక మంగలికత్తికి సాన: మూడేళ్ల తర్వాత

మూడేళ్ల క్రితం రెండు చవక మంగలికత్తులు కొన్నాను. రెండూ ఒకే మోడల్, ఒకే పెట్టెలో వచ్చాయి. ఒకదానితో ఇప్పుడు వారానికి నాలుగుసార్లు గడ్డం గీసుకుంటున్నాను. రెండోదానికి కొస దగ్గర ఇప్పటికీ సరైన పదును రాలేదు.

పెట్టె మీద ఏం రాసి ఉన్నా, ఈ కత్తులు షేవింగ్‌కు సిద్ధంగా రావు. మొదటి రోజు చెంప మీద పెడితే వెంట్రుకను కోయలేదు, పీకింది. ఉక్కు మంచిది కాదేమో అనుకున్నాను. నిజానికి ఉక్కుకు వంక పెట్టడానికి లేదు. ఒకసారి పదును పట్టాక, తోలుపట్టీ మీద తిప్పుకుంటూ ఉంటే నెలల తరబడి నిలుస్తోంది. లోపమంతా కత్తి రూపంలో ఉంది.

మంగలికత్తికి సానపట్టేటప్పుడు కోణాన్ని మనం చేత్తో నిలబెట్టం. వెన్ను, వాదర (పదునుండే అంచు) రెండూ ఒకేసారి రాయికి ఆనాలి. వెన్ను మందం ఎంతో, దాన్నిబట్టే కోణం. నా కత్తి వెన్ను 5 మిల్లీమీటర్లు, వెన్ను నుంచి వాదరకు 17.5 మిల్లీమీటర్లు. లెక్క వేస్తే 16 డిగ్రీల పైచిలుకు. చవక కత్తుల్లో ఆ వెన్ను అంతటా ఒకే మందంగా ఉండదు. దానికి తోడు పిడి వైపు, వాదర మొదలయ్యే చోట ఉక్కును మందంగా ఒక మెట్టులా వదిలేస్తారు. ఆ మెట్టు రాయి మీదికెక్కిందంటే అలుగు పైకి లేస్తుంది, మడమ దగ్గర, అంటే పిడి వైపు చివర, వాదర రాయికి తగలనే తగలదు.

ఇది తెలియక రెండు వారాలు ఊరికే రుద్దాను. చివరికి వాదర వెంట మార్కర్ పెన్నుతో నల్లగా పూసి, నాలుగుసార్లు రాయి మీద లాగి చూశాను. మధ్యలో సిరా పోయింది, మడమ దగ్గర చెక్కుచెదరలేదు. అప్పుడు ఆ మెట్టు మూలను డైమండ్ ప్లేట్ (వజ్రపు పొడి అంటించిన పలక) మీద నీళ్లు పోస్తూ గుండ్రంగా అరగదీశాను. కొత్త కత్తిని అరగదీయాలంటే మనసొప్పదు కానీ, మొదటి కత్తి దారికొచ్చింది ఆ పనితోనే.

నా దగ్గరున్న రాళ్లు 1000 గ్రిట్‌ది ఒకటి, 4000/8000 జంటరాయి ఒకటి, ఆఖరున 12000. గ్రిట్ అంకె పెరిగేకొద్దీ రాయి నునుపు. మొదట్లో తొందరపడి 1000 మీద పది నిమిషాలు గడిపి, 8000 మీద గంట రుద్దేవాణ్ని. వాదర అద్దంలా మెరిసేది, గడ్డం మాత్రం తెగేది కాదు. 8000 రాయి పదును పుట్టించదు, ఉన్న పదునును నునుపు చేస్తుంది. రెండు వైపుల ఏటవాళ్లు కొస నుంచి మడమ దాకా ఒక గీత మీద కలవాల్సింది 1000 మీదే. కలిశాయో లేదో తెలియాలంటే వాదరను పైకి తిప్పి, దీపం కింద భూతద్దంతో చూడాలి. తెల్లటి మెరుపు చుక్కలు కనిపించిన చోట ఇంకా కలవలేదని అర్థం. ముంజేతి వెంట్రుకలు చర్మానికి దగ్గరగా తెగేదాకా నేనిప్పుడు 1000 వదలను.

రాయి కూడా చదునుగా ఉండాలి. దాని మీద పెన్సిల్‌తో గళ్లు గీసి, అన్నీ చెరిగేదాకా డైమండ్ ప్లేట్‌తో రుద్దుతాను. ఇక వెన్నుకు టేపు వేయమని చాలామంది చెబుతారు. ఒక పొరకు కోణం దాదాపు ఒక డిగ్రీ పెరుగుతుంది, వెన్ను అరగదు. మంచి పాత కత్తికి నేనూ వేస్తాను. చవక కత్తికి మాత్రం మొదట్లో వద్దంటాను, ఎందుకంటే ఎగుడుదిగుడు వెన్ను కాస్త అరిగి సమం కావాల్సిందే.

చేతి బరువు ఎంత తగ్గిస్తే అంత మంచిది. 12000 మీద కత్తి సొంత బరువు చాలు. తర్వాత తోలుపట్టీ మీద యాభైసార్లు. తిప్పేటప్పుడు వెన్ను మీదే తిప్పాలి, లేకపోతే తోలు తెగుతుంది. నా మొదటి పట్టీ అలాగే పోయింది.

సానపట్టడం నేర్చుకోవాలని ఉంటే ఈ కత్తి కొనండి. అరిగిపోయినా దిగులుండదు, చేతికి పని తెలుస్తుంది. మంగలికత్తితో షేవింగ్ నేర్చుకోవాలని ఉంటే మాత్రం, చేయి తిరిగినవాళ్లు పదునుపెట్టిన కత్తి ఒకటి తీసుకోండి. రెండూ ఒకేసారి మొదలుపెడితే మంట పుట్టినప్పుడు తప్పు వాదరదో చేతిదో తేలదు. నాకు ఆరు నెలలు తేలలేదు.

రెండో కత్తి కొస వైపు కొంచెం వంగి ఉంది. రాయి మీద సూటిగా కాకుండా, కొస ఆఖరున ఆనేలా ఏటవాలుగా లాగితే ఇప్పుడిప్పుడే సిరా చెరుగుతోంది. మళ్లీ 1000 దగ్గరికే వెళ్లాను.