సీ-టైప్ రెప్లికా చేయించుకునేవాళ్లు జాగ్రత్త: పెయింట్ పడకముందే రేకు చూడండి

ఇంగ్లండ్‌లో ఉంటూ పాత రేసు కారు రెప్లికా (అచ్చం అలాగే ఉండే నకలు) చేయించుకుందామని డబ్బు దాచుకుంటున్న మనవాళ్లు నాకు తెలిసే నలుగురైదుగురు ఉన్నారు. వాళ్ల కోసమే ఇది రాస్తున్నాను. 26,000 పౌండ్లకు ఒప్పుకుని, అందులో 21,500 కట్టేశాక నాకు తెలిసొచ్చిన సంగతులివి. వర్క్‌షాపు పేరు రాయను, గొడవ ఇంకా తేలలేదు. మిడ్‌లాండ్స్‌లో ముగ్గురు మనుషులతో నడిచే చిన్న షెడ్డు, అంతవరకే చెప్పగలను.

నాకు జాగ్వార్ సీ-టైప్ అంటే పిచ్చి. 1951లో జాగ్వార్‌కు ఫ్రాన్స్‌లో జరిగే 24 గంటల లె మాన్ రేసులో మొదటి గెలుపు తెచ్చిన కారు అది. 1953లో డిస్క్ బ్రేకులతో వచ్చి మళ్లీ గెలిచింది. కంపెనీ చేసినవి యాభై పైచిలుకే కాబట్టి అసలుది కొనాలంటే ఏడు జన్మల జీతం కావాలి. రెప్లికా అయితే మనబోటివాళ్లు కిందామీదా పడి చేయించుకోవచ్చు. ఉక్కు గొట్టాలతో ఫ్రేము, దాని మీద చేత్తో కొట్టిన అల్యూమినియం రేకు, లోపల జాగ్వార్‌దే పాత ఎక్స్‌జే6 కారు ఇంజను. ఇంజను నేనే కొని పెట్టుకున్నాను. ఫ్రేము, బాడీ చేసి పెయింట్ వేసి ఇవ్వడం వాళ్ల పని. మిగతా బిగింపంతా నా గ్యారేజీలో నాది.

మాది జనగామ పక్క. చిన్నప్పుడు పెంబర్తిలో ఇత్తడి రేకు మీద సుత్తి పని చూశాను. కొట్టేకొద్దీ రేకు బిరుసెక్కుతుందనీ, మళ్లీ కాల్చి మెత్తబరిస్తేనే మాట వింటుందనీ తెలుసు. అల్యూమినియం కూడా అంతే. అందుకే మొదటిసారి షెడ్డుకు వెళ్లినప్పుడు ఇసుక సంచి, చెక్క సుత్తులు, రేకును ఒంపు తిప్పే ఇంగ్లిష్ వీల్ చూసి మురిసిపోయాను. అడగాల్సిన ప్రశ్న మాత్రం అడగలేదు. నా కారు అచ్చు ఎక్కడ? పద్ధతిగా చేసేవాళ్ల దగ్గర కారు ఆకారంలో చెక్కతోనో కమ్మీలతోనో అచ్చు ఉంటుంది. రేకు కొట్టి, దాని మీద ఆనించి చూసి, తేడా ఉంటే మళ్లీ కొడతారు. ఈ షెడ్డులో అలాంటిదేమీ లేదు. కుడి మడ్‌గార్డు చూసి ఎడమది అందాజాగా కొట్టారని తర్వాత తెలిసింది.

ఏడు నెలలు వాట్సాప్‌లో ఫొటోలు వచ్చాయి. ఒకదాంట్లో నేల ఎర్రగా, ఇంకోదాంట్లో బూడిద రంగులో ఉంది. అది పట్టుకున్నది మా ఆవిడ, నేను కాదు. అడిగితే నేలకు రంగు వేయించామన్నారు. నమ్మాను. ఆ తర్వాత ఒక సోమవారం ఫోన్ వచ్చింది. బాడీ అయిపోయింది, పెయింట్ బూత్ ఈ వారమే ఖాళీ, మూడో వాయిదా పంపమన్నారు. పంపాను. శనివారం వచ్చి చూస్తాను, అప్పటిదాకా ఆగమన్నాను. గురువారానికే ప్రైమర్ కొట్టేశారు. ఆ రోజే గొడవ పెట్టుకోవాల్సింది. రంగు చూసి నోరు మూసుకున్నాను, ఆ ఆకుపచ్చ అంత బాగుంది మరి.

బండి ఇంటికి వచ్చాక నేను చేసిన పరీక్ష తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది. బాడీ మీద అయస్కాంతం పెట్టి చూశాను. అంటుకోలేదు, అల్యూమినియమే అని సంతోషపడ్డాను. మన దగ్గర సెకండ్‌హ్యాండ్ కారు కొనేటప్పుడు పుట్టీ ఎక్కడుందో కనిపెట్టడానికి అయస్కాంతం వాడతారు కదా, అది ఉక్కు రేకుకే పనికొస్తుంది. అల్యూమినియానికి ఎలాగూ అంటుకోదు కాబట్టి, పైన ఎంత పుట్టీ మెత్తినా తెలియదు. పెయింట్ మందం కొలిచే చవక మీటర్లు కూడా కొన్ని ఉక్కుకే పనిచేస్తాయి. అల్యూమినియం మీద కూడా కొలుస్తుందని రాసి ఉన్నదే కొనండి.

గుట్టు బయటపెట్టింది డ్రిల్లు. వెనక నంబర్ ప్లేటు దీపం కోసం రంధ్రం వేస్తున్నాను. అల్యూమినియం అయితే మెరిసే చుట్టలు రావాలి. లేత గులాబీ రంగు పొడి రాలింది. రాలుతూనే ఉంది. డ్రిల్లు రేకుకు తగిలేసరికి 7 మిల్లీమీటర్లు దిగిపోయింది. చిన్న లొట్టలు సర్దడానికి పలచగా పుట్టీ పట్టించడం తప్పు కాదు, అందరూ చేస్తారు. ఇక్కడ మాత్రం ఒంపు మొత్తం పుట్టీతోనే తీర్చారు. అట్లకాడతో గీకితే పెచ్చులు పెచ్చులుగా ఊడింది. కింద రేకు అతుకు దగ్గర జానెడు పగులు. మెత్తబరచకుండా కొట్టీ కొట్టీ చీల్చేశారు.

పుట్టీ సంగతి అందానికి సంబంధించింది, సర్దుకుపోవచ్చు. ఫ్రేము ప్రాణానికి సంబంధించింది. ముందు చక్రాల విష్‌బోన్ (చక్రాన్ని ఫ్రేముకు కలిపే చేయి) పట్టే బ్రాకెట్ల దగ్గర వెల్డు గ్రైండర్‌తో నున్నగా చెక్కేసి ఉంది. చూడ్డానికి పోత పోసినట్టు ఉంటుంది. కానీ బరువు మోసే వెల్డును అలా చెక్కితే బలం తగ్గుతుంది, లోపల అతకని చోటు కనపడకుండానూ పోతుంది. పగుళ్లు చూసే స్ప్రే డబ్బాలు మూడు కలిపి అమ్ముతారు, తెప్పించాను. పెయింట్ గీకి, తుడిచి, ఎర్ర ద్రవం కొట్టి, కాసేపు ఆగి, మళ్లీ తుడిచి, తెల్ల పొడి కొట్టాను. నిమిషం గడిచిందో లేదో ఆ తెలుపులోంచి సన్నటి ఎర్ర గీత పైకి వచ్చింది, పాపిట్లో కుంకుమలా. ఎనిమిది బ్రాకెట్లలో మూడింటికి అదే గీత.

తర్వాత కొలతలు. తాపీమేస్త్రీలు గోడ నిలువు చూసే దారం, గుండు లాంటిది ఒక్కో చక్రం ఇరుసు నడిమధ్య నుంచి నేలకు వదిలి, సుద్దతో గుర్తులు పెట్టి టేపు పట్టాను. సీ-టైప్‌లో ముందు చక్రానికీ వెనక చక్రానికీ మధ్య దూరం 96 అంగుళాలు, అంటే 2,438 మిల్లీమీటర్లు. నా కారుకు ఎడమవైపు 2,437 వచ్చింది. కుడివైపు 2,426. ఈ పనికి సుద్దముక్క, దారం, అరగంట చాలు. నేను షెడ్డులో ఉన్నప్పుడే చేసి ఉంటే ఆఖరి రెండు వాయిదాలైనా మిగిలేవి.

రోడ్డు మీదికి రావాలంటే ఐవీఏ పరీక్ష (ఇలా విడిగా చేయించిన బండిని తనిఖీ చేసి అనుమతిచ్చే ప్రభుత్వ పరీక్ష) ఉంది కదా, అక్కడ పట్టుకుంటారులే అని ధీమాగా ఉండకండి. బ్రేకులు, దీపాలు, బయటికి పొడుచుకొచ్చే అంచులు అన్నీ చూస్తారు కానీ, పెయింట్ గీకి వెల్డు చూడరు.

ఇక డబ్బు. వాయిదాలన్నీ బ్యాంకు ట్రాన్స్‌ఫర్. మొదటి అడ్వాన్సు 500 పౌండ్లకు మాత్రం, చేతిలో కార్డు ఉంది కదా అని, క్రెడిట్ కార్డు గీకాను. తెలివితో చేసింది కాదు, ఇప్పుడు నా ఆశంతా దాని మీదే. ఇక్కడి కన్జ్యూమర్ క్రెడిట్ చట్టం సెక్షన్ 75 ప్రకారం వస్తువు ధర 100 పౌండ్లు దాటి 30,000 లోపు ఉంటే, కొంత భాగమే కార్డు మీద కట్టినా మొత్తానికి కార్డు కంపెనీ కూడా బాధ్యత వహించాలి. ధర 30,000 దాటితే ఈ దారి మూసుకుపోతుంది, కొటేషన్ రాయించుకునేటప్పుడే చూసుకోండి. చిన్న కేసుల కోర్టు దారి 10,000 పౌండ్ల దాకానే. షెడ్డు దివాలా తీస్తే అడ్వాన్సు ఇచ్చినవాళ్లు వరుసలో చివరెక్కడో నిలబడాలి.

కార్డు కంపెనీ స్వతంత్ర ఇంజనీరు రిపోర్టు అడిగింది, ఇచ్చాను. పదకొండు వారాలైంది, ‘పరిశీలనలో ఉంది’ అంటున్నారు. కారు మాత్రం పుట్టీ అంతా గీకేసి, బోడి రేకుతో గ్యారేజీలో పడి ఉంది. పేరు కావాలంటే విడిగా మెసేజ్ పెట్టండి. ఇప్పటికే ఎక్కడైనా ఆర్డర్ ఇచ్చి ఉంటే ఈ వారమే వెళ్లి అచ్చు చూపించమనండి.