వేడి లేకుండా జుట్టు స్ట్రెయిట్ చేస్తామంటున్న తెల్ల మూత డబ్బా: కోనసీమ, నరసాపురం వైపు వాళ్ళు జాగ్రత్త

అమలాపురం, రాజోలు, నరసాపురం, పాలకొల్లు వైపు పెళ్ళిళ్ళ సీజన్ చూసుకుని ఒక తెల్ల మూత డబ్బా తిరుగుతోందండి. ఫోన్లో వీడియో చూపిస్తారు, వాట్సాప్‌లో ఆర్డర్ తీసుకుంటారు, బస్సు పార్సిల్‌లో పంపేస్తారు. రింగుల జుట్టుని వేడి పెట్టకుండా శాశ్వతంగా స్ట్రెయిట్ చేస్తుందట. అన్నీ చెట్ల రసాలేనట. ధర 2,400. కొనకండి. ఇప్పటికే కొనుంటే తలకి మాత్రం పెట్టకండి.

మా అక్క కూతురిది పుట్టు రింగుల జుట్టు. మా ఇంటి ఆడపిల్లలందరికీ అంతే, మా నాయనమ్మ నుంచి వచ్చింది. శ్రావణంలో దాని నిశ్చితార్థం. ఐరన్ పెడితే జుట్టు కాలిపోతుందని దానికి ముందునుంచీ భయం. ఆ భయం ఉన్నవాళ్ళనే వెతికి మరీ అమ్ముతున్నారు వీళ్ళు. "వేడి లేదు" అన్న ఒక్క ముక్క చూసి తెప్పించుకుంది పిల్ల.

డబ్బా నా చేతికి వచ్చాక తిప్పి తిప్పి చూశాను. తయారుచేసినవాళ్ళ పేరు లేదు, ఊరు లేదు, లైసెన్స్ నంబరు లేదు, బ్యాచ్ నంబరు లేదు. ఏమేం కలిపారు అన్నచోట "సహజ సారాలు" అని రెండే రెండు మాటలు. మన దేశంలో 2020 కాస్మెటిక్స్ రూల్స్ ప్రకారం ఇవన్నీ డబ్బా మీద ఉండి తీరాలి. విదేశీ సరుకైతే దిగుమతి రిజిస్ట్రేషన్ నంబరు కూడా ఉండాలి. కెమిస్ట్రీ రానివాళ్ళు కూడా చెయ్యగలిగిన పరీక్ష ఇది. డబ్బు పంపేముందే డబ్బా వెనకవైపు ఫోటో పెట్టమనండి. పెట్టకపోతే అక్కడితో వదిలెయ్యండి.

అసలు తమాషా లోపల మడిచి పెట్టిన కాగితంలో ఉంది. భూతద్దం పెడితేగాని కనపడని అక్షరాల్లో, క్రీము ఆరాక 230 డిగ్రీల ఐరన్‌తో ఒక్కో పాయనీ పైనుంచి కిందికి పలుమార్లు లాగాలని రాశారు. వేడి లేదన్నారు కదండీ అని ఫోన్ చేసి అడిగితే, "మా క్రీములో వేడి లేదు మేడం, వేడి ఐరన్‌లో ఉంటుంది" అన్నాడు. ఆయ్, నిజమే మరి!

మా పిల్ల ఐరన్ జోలికి పోలేదు. క్రీము పట్టించి తలకి కవరు చుట్టుకుంది. కాసేపటికే మాడు మంట, కళ్ళ వెంట నీళ్ళు. "పిన్నీ, తల కాలిపోతోందే" అని అరిస్తే పరిగెత్తుకెళ్ళి పంపు కింద పెట్టి కడిగాం. చెవుల వెనక చర్మం కందిపోయి బొబ్బలు లేచాయి. జుట్టు ఆరాక కాస్త సాగినట్టే కనిపించింది. తర్వాతి తలస్నానానికి మాత్రం పాయలు మధ్యలోకి తెగి దువ్వెనకి వచ్చేశాయి. మిగిలింది రింగూ కాదు, స్ట్రెయిటూ కాదు, పట్టుకుంటే గరగర.

అమ్మినతన్ని అడిగితే తప్పు మా బోరుదన్నాడు. ఉప్పు నీళ్ళట, వాళ్ళ సరుకులో దోషం లేదట. సముద్రం దగ్గరి ఊళ్ళలో చాలాచోట్ల బోరు నీళ్ళు ఉప్పగా ఉంటాయి, కాదనను. ఆ నీళ్ళకి జుట్టు గరుకెక్కుతుంది. బొబ్బలు మాత్రం లేవవు. ఫోటోలు పంపగానే నా నంబరు బ్లాక్ చేశాడు.

ఇలాంటి మాట ఇంకెవరైనా చెప్తే నమ్మాలో వద్దో తెలియాలంటే జుట్టు సంగతి కొంచెం తెలుసుకోవాలి. వెంట్రుకలో కెరాటిన్ అనే ప్రోటీన్ పోగుల్ని ముఖ్యంగా రెండు రకాల బంధాలు పట్టి ఉంచుతాయి. హైడ్రోజన్ బంధాలు నీళ్ళు తగిలితే విడిపోతాయి, ఆరితే మళ్ళీ కలుస్తాయి. తడిపిన తాటాకు ఎలా వంచి ఆరబెడితే అలా నిలబడినట్టే, తడి జుట్టు ఏ ఆకారంలో ఆరితే ఆ ఆకారం నిలుస్తుంది. గాల్లో తేమ తగిలితే మళ్ళీ మొదటికొస్తుంది. మన డెల్టాలో గాలి తేమ గురించి చెప్పేదేముంది, చుట్టూ కాలవలు, చేలు, చెరువులే. రెండోవి డైసల్ఫైడ్ బంధాలు. ఇవి నీళ్ళకి లొంగవు. శాశ్వతంగా స్ట్రెయిట్ అవ్వాలంటే వీటిని తెంచాలి. వేడి లేకుండా ఆ పని చేసే క్రీములు లేకపోలేదు. సోడియం హైడ్రాక్సైడ్ రిలాక్సర్లు ఆ రకమే. అంటే మనం కాస్టిక్ సోడా అంటామే, అదే. సమయం కాస్త దాటినా చర్మాన్ని కాలుస్తాయి. పార్లర్ రీబాండింగ్‌లో వాడే థయోగ్లైకోలేట్ కూడా ఈ బంధాల్నే తెంచుతుంది, దాని తర్వాత ఐరన్ ఎలాగూ తప్పదు. ఏది వాడినా కొత్తగా మొలిచే జుట్టు రింగులుగానే వస్తుంది, ఆ వంపు కుదురులోనే ఉంది కాబట్టి. కాబట్టి వేడి లేకుండా, మందు లేకుండా, శాశ్వతంగా అని మూడూ కలిపి చెప్పేవాడు అబద్ధం చెప్తున్నాడు.

230 డిగ్రీల ఐరన్ అడిగే క్రీముల కథ ఇంకా ఘోరం. కెరాటిన్ ట్రీట్‌మెంట్ పేరుతో వచ్చే కొన్నిట్లో ఫార్మాల్డిహైడ్ ఉంటుంది, వేడి తగలగానే ఆవిరై కళ్ళలోకీ ఊపిరిలోకీ పోతుంది. క్యాన్సర్ కారకమని ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ విభాగం తేల్చిన పదార్థం అది. 2018లో ఫార్మలిన్ ఉందంటూ అస్సాం మన ఆంధ్రా చేపల్ని ఆపేసిన గొడవ మన ఆక్వా వాళ్ళెవరూ మర్చిపోయి ఉండరు. ఆ ఫార్మలిన్ అంటే నీళ్ళలో కరిగిన ఫార్మాల్డిహైడే. పదార్థాల జాబితాలో మిథిలీన్ గ్లైకాల్ అని ఉన్నా దాన్నిగానే లెక్క వేసుకోండి.

"ఫార్మాల్డిహైడ్ ఫ్రీ" అని రాసుంటే నిశ్చింత అనుకోకండి. దాని బదులు గ్లయాక్సిలిక్ యాసిడ్ పోస్తున్నారు. ఆ యాసిడ్ ఉన్న క్రీముతో పార్లర్లో జుట్టు స్ట్రెయిట్ చేయించుకున్న ప్రతిసారీ కిడ్నీలు దెబ్బతిన్న 26 ఏళ్ళ అమ్మాయి కేసుని ఫ్రాన్స్ వైద్యులు 2024లో ప్రచురించారు. మాడు మంట, వాంతులు, జ్వరం, నడుం నొప్పి వచ్చాయి ఆమెకి. ఇలాంటి క్రీము వాడాక వాంతులు పట్టుకున్నా, మూత్రం తగ్గినా అజీర్ణం అనుకుని సోడా తాగి పడుకోవద్దు. ఆసుపత్రికి వెళ్ళి, తలకి ఏం పెట్టారో డాక్టరుకి చెప్పి క్రియాటినిన్ అనే కిడ్నీల రక్తపరీక్ష చేయించుకోండి.

మరి వేడి లేకుండా దారే లేదా అంటే ఉంది, ఒక పూటకి. నిశ్చితార్థానికి మా పిల్లకి చివరికి అదే చేశాం. తలస్నానం చేయించి కండిషనర్ పెట్టి, సగం ఆరాక వెడల్పు పళ్ళ దువ్వెనతో చిక్కు తీశాం. జుట్టుని తల చుట్టూ బిగుతుగా, చదునుగా చుట్టి పిన్నులు పెట్టి, పైన పాత శాటిన్ జాకెట్టు గుడ్డ కట్టి, ఫ్యాను కింద పూర్తిగా ఆరనిచ్చాం. లావు రోలర్లు ఉంటే అవీ పనికొస్తాయి. విప్పాక సిలికోన్ సీరం కొద్దిగా రాస్తే తేమ త్వరగా ఎక్కదు. బాగా దగ్గర రింగులైతే పూర్తిగా స్ట్రెయిట్ అవ్వవు, వదులవుతాయి అంతే. మా అక్క కొబ్బరినూనె రాస్తే సాపవుతుందంది. నూనె తలస్నానానికి ముందు రాస్తే జుట్టుకి మంచిదే, రింగుల్ని మాత్రం ఏం చెయ్యదు. (ఫోటోల్లో పిల్ల బాగానే ఉంది లెండి, తెగిన పాయలు పూలజడ కింద దాచాం.)

ఈ డబ్బా వల్ల దెబ్బతిన్నవాళ్ళుంటే డబ్బా పారెయ్యకండి. డబ్బా, కాగితం, చెల్లింపు రసీదు, వాట్సాప్ చాట్ ఫోటోలు తీసి పెట్టుకోండి. డాక్టరు చీటీ ఉంటే అది మరీ ముఖ్యం. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915. జిల్లా వినియోగదారుల కమిషన్‌లో మనం ఉండే చోటే కేసు వెయ్యొచ్చు, 5 లక్షల లోపు కొనుగోలుకి ఫీజు లేదు, గడువు 2 ఏళ్ళు. లైసెన్స్ లేని కాస్మెటిక్ గురించి డ్రగ్ ఇన్‌స్పెక్టర్‌కి రాసిచ్చాం మేము. సరుకు ఎక్కణ్ణించి వస్తోందో వాళ్ళు లాగాలంటే ఒక్క ఫిర్యాదు చాలదు, ఇంకో నలుగురైనా రాయండి.

ఇంకొకటి. మొన్న రావులపాలెంలో మాకు తెలిసినామె దగ్గర ఆకుపచ్చ మూత డబ్బా చూశాను, కొబ్బరిపాల ట్రీట్‌మెంట్ అని రాసుంది. లోపలి కాగితం మాత్రం మా దాంట్లోదే, అక్షరం తేడా లేదు.