నీలం ట్రాము ఫొటోకి 56 యూరోలు

బార్సిలోనా చూడాలన్నది నా కోరిక, మావారిది కాదు. ఆయన రైల్వేలో ముప్పై నాలుగేళ్లు చేసి కాజీపేటలో రిటైరయ్యారు. టైంటేబుల్ తప్ప ఇంకేదీ చివరిదాకా చదివిన మనిషి కాదు. నేనేమో స్పెయిన్ రచయిత కార్లోస్ రూయిస్ సఫోన్ బార్సిలోనాలో జరిగే కథగా రాసిన నవల 'ద షాడో ఆఫ్ ద విండ్' ఇంగ్లిషులో మూడుసార్లు చదివాను. అందులో నీలం ట్రాము ఒకటుంది, నిజంగా కూడా ఉంది, 1901 నాటిది అని చెబితేగానీ ఆయన పాస్‌పోర్టు రెన్యువల్‌కి కదల్లేదు. గొడవంతా ఆ ట్రాముతోనే వచ్చింది.

ముందు బస సంగతి చెప్తాను. 2024 ఏప్రిల్ 20 నుంచి నాలుగు రాత్రులు, పాత ఊళ్లో ఒక చిన్న లాడ్జి, రాత్రికి 92 యూరోలు. 'రెండో అంతస్తు, లిఫ్టు లేదు' అని రాశారు. రెండే కదా, ఎక్కేస్తాంలే అనుకున్నాం. తీరా చూస్తే కింద షాపు, దానిమీద 'ఎంట్రెసోల్', దానిమీద 'ప్రిన్సిపల్', అంటే పూర్వం ఇంటి యజమాని ఉండే అంతస్తు. ఆపైన ఒకటి, ఆపైన మన రెండు. మన లెక్కలో నాలుగో అంతస్తన్నమాట. మావారి కుడి మోకాలు అంత మంచిది కాదు. 23 కిలోల పెట్టె పట్టుకుని మెట్లు లెక్కపెడుతూ ఎక్కారు, 84. పైకెళ్లాక ఒక్క మాటన్నారు: "సఫోన్ గారు ఈ సంగతి నవల్లో రాయలేదా?" కౌంటరు దగ్గర కుర్రాడు మాత్రం నిబ్బరంగా, ఈ ఊళ్లో పాత ఇళ్లన్నీ ఇంతే, మేం అబద్ధం రాయలేదు అన్నాడు. నిజమే, రాయలేదు. పర్యాటక పన్ను మనిషికి రాత్రికి 4.25 చొప్పున 34 యూరోలు అక్కడే కట్టించుకున్నాడు. కిటికీ తీస్తే వీధి కాదు, వెలుతురు కోసం వదిలిన బావి లాంటి సందు. ఎదురింటివాళ్లు గిన్నెలు తోముకోవడం, ఉల్లిపాయ వేయించుకోవడం అన్నీ మన మంచం మీదికే. పాత బార్సిలోనాలో గది తీసుకునేవాళ్లు అంతస్తు నంబరు చూసి మోసపోకండి, మెట్లెన్నో అడగండి.

ఇక టూరు. 'నవల్లోని బార్సిలోనా, మూడు గంటలు, తిబిదాబో భవంతితో సహా' అని ప్రకటన, పైన పెద్దగా నీలం ట్రాము ఫొటో. భవంతంటే నవల్లో తిబిదాబో కొండ దారిలో ఉండే పాడుబడిన ఇల్లు, ట్రాము దారీ అదే. మనిషికి 28, ఇద్దరికి 56 యూరోలు, అంటే దగ్గరదగ్గర ఐదు వేల రూపాయలు. ట్రాము చూసి మావారే డబ్బు కట్టారు.

ఆదివారం పదింటికి గైడు వచ్చాడు, చెవిలో ఫోనుతో. కథానాయకుడు డానియల్ వాళ్ల నాన్న పుస్తకాల షాపున్న శాంటా అన్నా వీధికి తీసుకెళ్లి, అదిగో ఆ వైపెక్కడో అన్నాడు. షాపు కల్పితమని నాకూ తెలుసు, కాకపోతే చూపించే తీరొకటుంటుంది. ప్లాసా రెయాల్‌లో ఐదు నిమిషాలు. అక్కడ దీపస్తంభాలు ఈ ఊరి పేరుమోసిన ఆర్కిటెక్ట్ గౌడీ కుర్రతనంలో చేసినవి, అది నేనే మావారికి చెప్పాల్సొచ్చింది. తర్వాత రాంబ్లా అనే పెద్ద వీధి దాటి ఆర్క్ దెల్ తెయాత్రె సందు. నవల మొదలయ్యేది ఇక్కడే. 1945 వేసవి తెల్లవారుజామున పదేళ్ల డానియల్‌ని తండ్రి ఈ సందులోకి తీసుకొస్తాడు, 'మర్చిపోయిన పుస్తకాల శ్మశానం' అనే రహస్య గ్రంథాలయానికి. ఒక పుస్తకం ఎంచుకోవాలి, దాన్ని జీవితాంతం బతికించుకోవాలి. ఆ సందులో ఇప్పుడున్నది మూత్రం వాసన, దించేసిన షట్టర్లు. గైడు ఒక పాత చెక్కతలుపు ముందు నిలబెట్టి, "సినిమా తీసింది ఇక్కడే" అన్నాడు.

నాకు కోపమొచ్చింది ఆ మాటకే. సఫోన్ ఈ నవలకీ దీని తర్వాతి భాగాలకీ సినిమా హక్కులు ఎవరికీ ఇవ్వలేదు. హాలీవుడ్ పక్కన ఇల్లు పెట్టుకుని, స్క్రిప్టులు రాసి బతికినవాడు కూడా, ఇవి పుస్తకాలుగానే ఉండాలని పట్టుబట్టాడు. "ఏ సినిమా?" అని అడిగాను. గైడు కాసేపు ఆలోచించి, పాతదన్నాడు. 11.10కి టూరు అయిపోయిందన్నాడు. మరి భవంతి? ఫోన్‌లో ఫొటో చూపించాడు. మరి ట్రాము? "అది 2018 నుంచి ఆగిపోయింది సార్."

మావారు ఎవరి మీదా అరిచే మనిషి కాదు. టికెట్ లేని ప్రయాణికుణ్ని చూసినట్టు వాణ్ని ఒకసారి చూసి, నావైపు తిరిగి, "పద, కాఫీ తాగుదాం" అన్నారు. మధ్యాహ్నమంతా మాట్లాడలేదు.

సోమవారం మేమే బయల్దేరాం, 10.70 యూరోల మెట్రో, బస్సు కార్డుతో. ఇక్కడ ఒక తిరకాసుంది. అందరూ కొనేది పది ప్రయాణాల టి-కాసువల్, కానీ అది ఒక్క మనిషికే. ఇద్దరు పంచుకుంటే దొరికినచోట జరిమానా. మేం కొన్న టి-ఫమిలియార్‌లో ఎనిమిదే ప్రయాణాలు, అయితే ఎంతమందైనా వాడుకోవచ్చు. ఇది కనిపెట్టింది మావారు, మెషీన్ ముందు పావుగంట నిలబడి, రూల్సన్నీ చదివి. వెనక క్యూ గొణుగుతున్నా కదల్లేదు.

మెట్రో ఎల్7 లైన్లో తిబిదాబో వీధి దాకా వెళ్లి ఎత్తు రోడ్డు పట్టుకున్నాం. ట్రాము లేకపోయినా పట్టాలు రోడ్డులోనే ఉన్నాయి. మావారు మోకాలి సంగతి మర్చిపోయి వంగి పట్టా మీద చెయ్యి పెట్టారు. జానతో కొలిచి, "స్టాండర్డ్ గేజ్, 1435. మనది బ్రాడ్, 1676" అన్నారు. పట్టా అంచున తుప్పు, మధ్యలో గడ్డిపోచలు. "బండి తిరిగే పట్టా మెరుస్తుంది. ఇది మెరవట్లేదు చూడు." నవల్లో అల్దాయా కుటుంబం వాళ్ల పాడుబడిన భవంతి 32వ నంబరు. నేను ఇనుప గేట్లన్నీ చూసుకుంటూ నడుస్తుంటే ఆయన వెనక పట్టాల వెంబడే వచ్చారు. నిన్నటి టూరు కంటే వంద రెట్లు నయం. కొండ మొదలు దాకా వెళ్లాలంటే ట్రాము బదులు 196 నంబరు బస్సుంది.

నాకు బాగా గుర్తుండిపోయింది మాత్రం సంత్ ఫెలిప్ నేరి చౌకు. కథలో నూరియా మోన్‌ఫోర్ట్ అనే ఆవిడ ఉండేది ఇక్కడే. చిన్న చోటు, మధ్యలో ఫౌంటెన్, ఒకవైపు చర్చి. 1926లో గౌడీ ఈ చర్చికే వస్తూ ట్రాము కింద పడ్డాడంటే మావారు "మళ్లీ ట్రామేనా" అన్నారు. చర్చి గోడ నిండా గుంటలు. స్పెయిన్ అంతర్యుద్ధంలో, 1938 జనవరి 30న, జనరల్ ఫ్రాంకో తరఫున ఇటలీ విమానాలు వేసిన బాంబుల గుర్తులవి. 42 మంది పోయారు, ఎక్కువమంది పిల్లలు. ఒక గుంటలో నా బొటనవేలు మొదలుదాకా దిగింది. పక్కనే బడి, ఇంటర్వెల్‌కి ఈ చౌకే వాళ్ల ఆటస్థలం. బంతి వచ్చి ఆ గోడకే కొట్టుకుంటోంది. గంటసేపు కూర్చున్నాం, పైసా ఖర్చు లేదు.

ఎల్స్ క్వాత్రె గాత్స్ అనే పాత కెఫేలో కాఫీ తాగాం. పికాసో మొదటి సొంత ప్రదర్శన 1900లో ఇక్కడే. పేరుకి అర్థం నాలుగు పిల్లులు. మనం పట్టుమని పదిమంది లేరంటామే, అలాంటి మాట. ఇప్పుడు పిల్లులు కాదు, సీటు దొరకదు.

మంగళవారం సంత్ జోర్ది, అంటే సెయింట్ జార్జ్ పండగ, ఏప్రిల్ 23. ఊరంతా పుస్తకాలు, ఎర్ర గులాబీలు. డ్రాగన్‌ని చంపిన సంత్ జోర్ది పండగ ఇది, మన రచయితేమో డ్రాగన్ బొమ్మలు పోగుచేసేవాడు. పుట్టింది ఈ ఊళ్లోనే, 1964లో, చైనావాళ్ల లెక్కలో అదీ డ్రాగన్ సంవత్సరమే. అడ్వర్టైజింగ్‌లో పనిచేసి, 1993లో మొదటి నవలకి వచ్చిన బహుమతి డబ్బుతో లాస్ ఏంజెలస్ వెళ్లిపోయాడు. ఈ సందులన్నీ తిరిగి కట్టింది అక్కడ కూర్చునే. 2020 జూన్‌లో అక్కడే పోయాడు, 55 ఏళ్లకి. స్టాల్‌లో పెద్దావిడని సఫోన్ అని అడిగితే, "థఫోన్" అని సరిదిద్ది పుస్తకం చేతిలో పెట్టింది. స్పెయిన్‌లో పుస్తకం ధర చట్టం ప్రకారం ఎక్కడైనా దాదాపు ఒకటే, ఇలాంటి పుస్తకాల పండగలప్పుడు పది శాతం దాకా తగ్గిస్తారు. 10.95ది 9.85కి ఇచ్చింది. స్పానిష్ ఒక్క ముక్క రాదు నాకు, అయినా కొన్నాను.

మంగళవారం మావారు మాంసం ముట్టరు. ఏం దొరుకుతుందోనని టెన్షన్ పడ్డాను. చిన్న హోటల్లో ఎస్కలివాదా పెట్టారు, 8.50. వంకాయ, క్యాప్సికం నిప్పుల మీద కాల్చి, తొక్క తీసి, ఆలివ్ నూనె పోశారు. అచ్చం మా అత్తగారు కాల్చిన వంకాయ పచ్చడికి మొదటి సగం. మిగతా సగం, పచ్చిమిర్చి, చింతపండు, పోపు లేవంతే. మావారు సంచిలోంచి పొట్లం తీసి కారప్పొడి చల్లుకుని రెండో ప్లేటు చెప్పారు. నాలుగు రోజుల్లో ఆయన నవ్విన మొదటి పూట అది.

తిరుగు విమానంలో నేను నిద్రపోయి లేచేసరికి నా సంచిలోని 'ద మిడ్‌నైట్ ప్యాలెస్' ఆయన చేతిలో ఉంది. సఫోన్ పిల్లల కోసం రాసినది, 1932 నాటి కలకత్తా కథ.

"ఈ జీటర్స్ గేట్ స్టేషన్ ఎక్కడుంది?"

"అది కల్పితమండీ."

"హౌరా ఉంది, సియాల్దా ఉంది. రెండు చాలక మూడోది కట్టాడా ఈయన!" అని, పేజీ తిప్పి, నా వైపున్న దీపం కూడా తనవైపు తిప్పుకున్నారు.