వాడేసిన డబ్బాల క్యాంపు స్టవ్ కిట్లు కొనేవారికి ఒక హెచ్చరిక

వాడి పారేసిన డబ్బాలతో ఇంట్లోనే క్యాంపు స్టవ్ చేసుకోవచ్చంటూ, ముందే కోసి రంధ్రాలు వేసిన ముక్కలను కిట్ పేరుతో ఆన్‌లైన్‌లో అమ్ముతున్నారు. అలాంటి కిట్ ఒకటి నేను తెప్పించుకున్నాను. అందులో శీతల పానీయాల అల్యూమినియం డబ్బాలతో చేసే స్పిరిట్ (ఇంధనంగా వాడే ఆల్కహాల్) స్టవ్‌కూ, పుల్లలతో మండించే రేకు డబ్బా పొయ్యికీ కావలసిన ముక్కలు ఉన్నాయి. వాటితోపాటు ఒక జిగురు గొట్టం, ఒక సీసా ఇంధనం, ఒక సూచనల కాగితం ఇచ్చారు. వీటిలో ఏ ఒక్కటీ నిప్పు దగ్గర పెట్టదగినది కాదని నా అభిప్రాయం. సూచనల కాగితం మాత్రం పొయ్యి రాజేయడానికి పనికివస్తుంది.

మొదట స్పిరిట్ స్టవ్ సంగతి చెబుతాను, ఎందుకంటే ప్రమాదం ఎక్కువగా ఉన్నది అందులోనే. రెండు డబ్బాల అడుగు భాగాలను ఒకదానిలో ఒకటి దూర్చి, లోపల ఒక పలుచని గోడ నిలబెడితే, పోసిన స్పిరిట్ వేడెక్కి ఆ గోడకూ డబ్బా గోడకూ మధ్య ఆవిరిగా మారి, అంచు చుట్టూ వేసిన సన్నని రంధ్రాల గుండా బయటకు వచ్చి మండుతుంది. మధ్య భాగాన్ని తెరిచి ఉంచితే లోపల ఒత్తిడి ప్రమాదకరంగా పెరిగే అవకాశం ఉండదు. కొందరు మధ్య భాగాన్ని మూసి, ఇంధనం పోసే రంధ్రాల మీద ఒక నాణెం పెడతారు. ఒత్తిడి హద్దు మీరితే ఆ నాణెం లేచి ఆవిరిని బయటకు వదిలేస్తుంది. నాకు వచ్చిన కిట్‌లో నాణేనికి బదులు మర బిగించే ఏర్పాటు చేశారు. అంటే లోపలి ఆవిరికి అంచు రంధ్రాలు తప్ప మరో దారి లేదు. ఆ రంధ్రాలేమో సరిగ్గా సాఫు చేయకపోవడంతో, లోపలి వైపు రేకు చిరుగులు అలాగే మిగిలి, కొన్నింటిలో సూది కూడా దూరలేదు. చూడడానికి బిగుతుగా, పక్కాగా కనిపించే ఆ మరే అసలు దోషం. దాన్ని ఒక మెరుగుదలగా ప్రకటనలో చెప్పుకోవడం మరీ విచిత్రం.

అంచులను అతికించడానికి ఇచ్చిన జిగురు సాధారణ ఎపాక్సీ. ఇక్కడ ఒక మెలిక ఉంది. డబ్బాలో స్పిరిట్ ఉన్నంతసేపు అడుగు భాగం పెద్దగా వేడెక్కదు. ఇథైల్ ఆల్కహాల్ సుమారు 78 డిగ్రీల సెల్సియస్ దగ్గర మరుగుతుంది కాబట్టి, ద్రవాన్ని తాకి ఉన్న రేకు దాదాపు ఆ వేడి దగ్గరే ఆగుతుంది. అందువల్ల మొదట్లో అంతా బాగున్నట్టే అనిపిస్తుంది. ఇంధనం అయిపోవచ్చే సమయానికి చల్లార్చే ద్రవం ఉండదు, మంట మాత్రం ఇంకా ఉంటుంది, రేకు వేడి ఒక్కసారిగా పెరుగుతుంది. నా స్టవ్‌లో సరిగ్గా అదే జరిగింది: అతుకు దగ్గర జిగురు ముందు పసుపు పచ్చగా, తరువాత గోధుమ రంగులోకి మారి, మెత్తబడి బుడగలు కట్టింది, ఆ చీలిక నుంచి ఒక సన్నని నీలిమంట పక్కకు, నేల వైపుకు చిమ్మింది. ఆరుబయట, చుట్టూ ఎండుటాకులు లేని చోట వెలిగించాను కాబట్టి నష్టమేమీ జరగలేదు. ఈ రకం స్టవ్‌కు అసలు జిగురు అవసరమే లేదు. రెండు ముక్కలూ బిగుతుగా ఒకదానిలో ఒకటి కూర్చుంటే చాలు. అలా కూర్చోని ముక్కలను అమ్మడానికే జిగురు కావలసివచ్చిందని నా అనుమానం.

ఇక పుల్లల పొయ్యి. ఆహార పదార్థాలు వచ్చే మామూలు డబ్బా తగరం పూత పూసిన ఉక్కు రేకు, లేదా లోపల లక్క వంటి పూత ఉన్న రేకు. ఆరుబయట ఒకసారి ఖాళీగా బాగా కాల్చి, ఆ పొగకు దూరంగా ఉంటే సరిపోతుంది. కిట్‌లో వచ్చిన పెద్ద డబ్బా అలాంటిది కాదు. దాని మీద చిన్నా పెద్దా పలకలుగా మెరిసే మచ్చలు కనిపించాయి. అది జింక్ పూత పూసిన జి.ఐ. రేకు. జింక్ 420 డిగ్రీల ప్రాంతంలో కరుగుతుంది, 907 డిగ్రీల దగ్గర మరుగుతుంది; గాలి బాగా ఆడే పుల్లల మంట ఆ పూతను కాల్చి, తెల్లని పొగగా లేపగలదు. ఆ పొగ పీల్చినవారికి కొన్ని గంటల తరువాత చలి, జ్వరం, ఒళ్ళు నొప్పులు, నోటిలో లోహపు రుచి వస్తాయి. వెల్డింగ్ పనివారికి ఇది బాగా తెలిసిన బాధ. అయస్కాంతంతో పరీక్షిస్తే తెలిసిపోతుందనుకోకండి: అల్యూమినియానికి అయస్కాంతం అంటదు గానీ, తగరపు పూత రేకుకూ జి.ఐ. రేకుకూ ఒకేలా అంటుతుంది. గిన్నె నిలబడే మూడు కాళ్ళను టంకంతో అతికించారు. సీసం కలిసిన టంకం సుమారు 183 డిగ్రీలకే, సీసం లేనిది 220 డిగ్రీల ప్రాంతంలో కరుగుతుంది; మరుగుతున్న నీళ్ళ గిన్నె కింద అది ఎంతసేపు నిలుస్తుందో ఊహించుకోవచ్చు.

సూచనల కాగితంలో రెండు వాక్యాలు చదివి నేను నిర్ఘాంతపోయాను. గుడారం లోపల కూడా వాడుకోవచ్చన్నది ఒకటి. మూసిన చోట ఏ మంటైనా కార్బన్ మోనాక్సైడ్‌ను వదులుతుంది, దానికి రంగూ వాసనా ఉండవు. ఇక ఆ వాక్యం గురించి వేరే చెప్పనక్కరలేదు. మంట తగ్గినట్టు కనిపిస్తే మరికొంత ఇంధనం కలపమన్నది రెండోది. స్పిరిట్ మంట పగటి వెలుగులో దాదాపు కనిపించదు. ఆరిపోయిందనుకుని సీసా వంచితే, మంట ధార వెంట సీసా మూతి దాకా వస్తుంది. సగం ఖాళీ అయిన ఇథైల్ ఆల్కహాల్ సీసాలో, సాధారణ గది వేడిలోనే, ద్రవం పైన ఉన్న ఆవిరీ గాలీ అంటుకునే పాళ్ళలో కలిసి ఉంటాయి. అది అంటుకుంటే లోపలి ద్రవం మండుతూ ఎదుటివారి మీద పడుతుంది. ఇదేమీ ఊహాగానం కాదు. ఇలా ఆరిపోయాయనుకున్న దీపాల్లో తిరిగి పోస్తుండగా మనుషులు తీవ్రంగా కాలిపోయిన సంఘటనల వల్లే 2011లో అమెరికా వినియోగదారుల ఉత్పత్తుల భద్రతా సంస్థ, ఆల్కహాల్‌తో చేసిన జెల్ ఇంధనాలను అనేక తయారీదారుల చేత మార్కెట్ నుంచి వెనక్కి రప్పించింది.

ఇంధనం సీసా మీద పర్యావరణహితమని రాసి, ఆకుపచ్చ ఆకు బొమ్మ వేశారు గానీ, లోపల ఏముందో రాయలేదు. అది ఇథనాల్ (ఇథైల్ ఆల్కహాల్) కావచ్చు, మిథనాల్ అనే విషపూరితమైన మరో ఆల్కహాల్ కావచ్చు. మిథనాల్ కొద్ది మోతాదులో లోపలికి పోయినా కంటిచూపును, ప్రాణాన్ని కూడా తీయగలదు, చర్మం ద్వారానూ ఒంట్లోకి ఎక్కుతుంది. వాసనతో ఈ రెండింటినీ నమ్మకంగా వేరుచేయడం సాధ్యం కాదు.

ఈ విషయాలన్నీ ఫొటోలతో సహా విక్రేతకు రాస్తే, చేతితో తయారైన వస్తువుల్లో చిన్న తేడాలు సహజమనీ, మూత విప్పిన ఇంధనం సీసాను వెనక్కి తీసుకోలేమనీ జవాబు వచ్చింది. డబ్బు తిరిగి రాలేదు. రంధ్రాల వంకరతనమైతే చిన్న తేడాయే, ఒప్పుకుంటాను. ఆవిరికి దారి లేకపోవడం చిన్న తేడా ఎలా అవుతుంది?

పాత డబ్బాలతో స్టవ్ చేసుకోవడం మీద నాకు ఏ అభ్యంతరమూ లేదు. మనం తాగి పడేసిన డబ్బాలో ఇంతకు ముందు ఏముండేదో మనకు తెలుసు. ఎవరో కోసి, రంగు గీకి పంపిన ముక్క రంగుల డబ్బాదో, పురుగుమందుదో, ఒత్తిడితో గ్యాస్ నింపిన స్ప్రే డబ్బాదో తెలిసే వీలు లేదు. అయినా కిట్టే కావాలనుకుంటే, రేకు ఏ రకానిది, స్పిరిట్ స్టవ్ మధ్య భాగం తెరిచి ఉంటుందా, సీసాలోని ద్రవం పేరేమిటి అన్న మూడు ప్రశ్నలు కొనకముందే రాతపూర్వకంగా అడగండి. ఒక్కదానికి సూటిగా జవాబు రాకపోయినా కొనకండి.

ఇప్పటికే కొన్నవారు మర బిగించే రకం స్టవ్‌ను వెలిగించకండి. మధ్య భాగం తెరిచి ఉన్న రకమైతే, జిగురు లేకుండా ముక్కలు బిగుతుగా కూర్చుంటేనే, ఏ ఆల్కహాలో పేరు స్పష్టంగా రాసి ఉన్న ఇంధనంతోనే, ఆరుబయట రాతి మీద పెట్టి వాడండి. ఆర్పడానికి దానిపై బోర్లించగలిగినంత పెద్ద రేకు డబ్బాను పక్కనే ఉంచుకోండి, స్టవ్ పూర్తిగా చల్లారి చేతితో తాకగలిగేదాకా సీసా మూత తీయకండి. పేరు లేని ఇంధనం సీసాను కాలువలో పారబోయక, పిల్లలకు అందని చోట పెట్టి, ప్రమాదకర వ్యర్థాలను తీసుకునేవారికి అప్పగించండి.