నింటెండో నాలుగు గెలుపులు: ఏది పెద్దది?

జపాన్ వీడియో గేముల కంపెనీ నింటెండో చరిత్రలో పెద్ద గెలుపు ఏదని అడిగితే చాలామంది నేరుగా అమ్మకాల లెక్క తీస్తారు. ఆ లెక్కన తగవే లేదు. 15 కోట్లు దాటిన స్విచ్, డీఎస్ అనే ఆట యంత్రాలు ముందుంటాయి, 6.19 కోట్ల దగ్గర ఆగిన ఎన్ఈఎస్ (నింటెండో ఎంటర్టైన్మెంట్ సిస్టమ్) ఎక్కడో వెనకబడుతుంది. కానీ 1985లో అమెరికా మార్కెట్ ఎలా ఉండేదో, 2017లో ఎలా ఉందో తెలిసినవాళ్లు ఆ రెండు అంకెల్నీ ఒకే త్రాసులో వేయరు. చూడాల్సినవి మూడు: బరిలో దిగేనాటికి పరిస్థితి ఎంత అధ్వానంగా ఉంది, గెలుపులో కంపెనీ సొంత నిర్ణయం పాలెంత, తర్వాతి పదేళ్లకు ఏం మిగిలింది. ఈ మూడోదానికే ఎక్కువ బరువివ్వాలి. ఎందుకో వీ (Wii) అనే కన్సోల్, అంటే టీవీకి తగిలించే ఆట యంత్రం, కథ దగ్గరికి వచ్చేసరికి తెలుస్తుంది.

పోటీలో నిలబెట్టేవి నాలుగు: 1985 ఎన్ఈఎస్, 1989 గేమ్ బాయ్ (చేతిలో పట్టుకుని ఆడేది), 2006 వీ, 2017 స్విచ్. 1981 నాటి డాంకీ కాంగ్‌ని వదిలేయడం కొంత అన్యాయమే. రాడార్ స్కోప్ అనే ఆట అమ్ముడుపోక దాదాపు 2,000 ఆర్కేడ్ క్యాబినెట్లు (నాణెం వేసి ఆడే పెట్టెలు) అమెరికా గోదాములో మిగిలిపోతే, కంపెనీ డిజైనర్ షిగెరు మియామోటో కొత్త ఆట తయారుచేశారు. ఉన్న పెట్టెల్లోనే లోపలి సరుకు మార్చి డాంకీ కాంగ్‌గా అమ్మేశారు. కానీ అది ఒక ఆట గెలుపు. కంపెనీ దారినే మార్చిన యంత్రాలు ఆ నాలుగే.

ఎన్ఈఎస్: కూలిన మార్కెట్లో

అమెరికాలో 1983లో 320 కోట్ల డాలర్లున్న ఇంటి వీడియో గేముల వ్యాపారం 1985 నాటికి 10 కోట్లకు పడిపోయిందని అంచనా. అడ్డూ అదుపూ లేకుండా ఎవరు పడితే వాళ్లు అప్పటి పెద్ద కన్సోల్ అటారీకి నాసిరకం ఆటలు చేశారు. అమ్ముడుపోని కార్ట్రిడ్జ్‌లను దుకాణాలు ధర తెగ్గోసి అమ్మాయి. ఆ దెబ్బకి 'వీడియో గేమ్' అన్న మాట వింటేనే దుకాణదారులు మొహం తిప్పుకునే రోజులవి.

నింటెండో దగ్గర సరుకు మంచిదే. మసయుకి ఉయెమురా రూపొందించిన ఫామికామ్ (ఎన్ఈఎస్ జపాన్ రూపం) 1983 జులై 15న జపాన్‌లో వచ్చి నిలదొక్కుకుంది. అమెరికాలో సమస్య సరుకుది కాదు, నమ్మకానిది. అందుకే పెట్టె రూపమే మార్చారు. పైనుంచి దిగేసే కార్ట్రిడ్జ్ (ఆట ఉండే చిన్న పెట్టె) బదులు వీసీఆర్‌లో క్యాసెట్ పెట్టినట్టు ముందునుంచి తోసే ఏర్పాటు చేశారు. కన్సోల్‌ని కంట్రోల్ డెక్ అన్నారు, కార్ట్రిడ్జ్‌ని గేమ్ ప్యాక్ అన్నారు. బొమ్మల దుకాణాల వాళ్లను ఒప్పించడానికి రాబ్ అనే రోబోను జోడించారు. 1985 అక్టోబరులో న్యూయార్క్‌లో మొదలుపెట్టినప్పుడు, అమ్ముడుపోని సరుకు తామే వెనక్కి తీసుకుంటామని మాటిచ్చారు. నష్టం మొత్తం తన నెత్తిన వేసుకున్న కంపెనీకి కాదనడానికి దుకాణాలకు కారణం లేకపోయింది. రాబ్ కోసం వచ్చిన ఆటలు రెండే. పని అయ్యాక రోబోను మెల్లగా మరిచిపోయారు. మిగిలింది మారియో ఆట.

రెండో ఎత్తు లోపలి చిప్‌లో ఉంది. కన్సోల్‌లో ఒకటి, కార్ట్రిడ్జ్‌లో ఒకటి, 10ఎన్ఈఎస్ అనే తాళం చిప్‌లు ఉంటాయి. రెండింటి లెక్క కుదరకపోతే కన్సోల్‌లోని చిప్ సెకనుకొకసారి ప్రాసెసర్‌ని రీసెట్ చేస్తుంది. అనుమతి లేని ఆట నడవదు. అనుమతి కావాలంటే కార్ట్రిడ్జ్‌లు నింటెండో చేతే తయారుచేయించుకోవాలి, డబ్బు ముందే కట్టాలి, ఏడాదికి ఐదు ఆటలకు మించకూడదు, ఆ ఆటను రెండేళ్లు వేరే కన్సోల్ మీద విడుదల చేయకూడదు. చెత్త ఆటల వరద అలా ఆగింది.

ఎర్ర లైటు మినుకుమినుకుమనే ఎన్ఈఎస్ జబ్బు కూడా అక్కడిదే. ముందునుంచి తోసే ఏర్పాటు వల్ల 72 పిన్నుల కనెక్టర్ వాడగా వాడగా వంగిపోతుంది, పట్టు వదులవుతుంది. తాళం చిప్‌కి అవతలి చిప్ సరిగ్గా అందకపోతే అది దొంగ ఆటే అనుకుని రీసెట్ కొడుతూనే ఉంటుంది. కార్ట్రిడ్జ్ తీసి నోటితో ఊదితే పనిచేసినట్టనిపించేది తీసి పెట్టడంలో కొత్త చోట అంటుకోవడం వల్ల. ఊదిన తేమ మాత్రం పిన్నుల్ని తుప్పు పట్టిస్తుంది. ఐసోప్రొపైల్ ఆల్కహాల్ అద్దిన దూదిపుల్లతో కార్ట్రిడ్జ్ అంచులు తుడవాలి. అప్పటికీ దారికి రాకపోతే కనెక్టర్ మార్చాలి. కన్సోల్‌లోని తాళం చిప్ నాలుగో కాలు తెంపేస్తే రీసెట్ గొడవే ఉండదు, పాత యంత్రాలు బాగుచేసేవాళ్లలో చాలామంది చేసేది అదే.

అమెరికాలో ఇంటి ఆటల వ్యాపారాన్ని మళ్లీ లేపి నిలబెట్టిన గెలుపు ఇది. ధైర్యంలో మిగతా మూడూ దీని దరిదాపుల్లోకి రావు. కానీ మిగిలినదాంట్లో చేదు కూడా ఉంది. లైసెన్సు షరతులు ఆట కంపెనీల గుండెల్లో మంటగా మిగిలాయి. సోనీతో కలిసి చేస్తానన్న సీడీ యంత్రం మీద 1991లో మాట మార్చి ఫిలిప్స్ వైపు తిరగడంతో సోనీ సొంతంగా ప్లేస్టేషన్ చేసింది. నింటెండో తర్వాతి కన్సోల్ నింటెండో 64 కార్ట్రిడ్జ్‌లో పట్టేది మహా అయితే 64 మెగాబైట్లు. ఫైనల్ ఫాంటసీ 7 అనే ఆట మూడు సీడీలు నింపింది. ఆ ఆట 1997లో ప్లేస్టేషన్‌కి వెళ్లిపోయింది, దాని వెనకే చాలామంది ఆటగాళ్లూ వెళ్లారు. 1985 గెలుపు నేర్పిన పెత్తనమే 1990ల ఓటమికి విత్తనం వేసింది.

వీ: మోత ఎక్కువ, మిగులు తక్కువ

ముందటి కన్సోల్ గేమ్‌క్యూబ్ 2.17 కోట్ల దగ్గర ఆగిపోయాక, 2006 నవంబరులో వీ వచ్చి 10.16 కోట్లు అమ్ముడుపోయింది. గోతిలోంచి లేచిన తీరు అబ్బురమే. సోనీ ప్లేస్టేషన్ 3 ధర 499 డాలర్ల నుంచి మొదలైతే వీ 249.99కే వచ్చింది. లోపల ఉన్నది గేమ్‌క్యూబ్ ప్రాసెసర్‌కే కాస్త వేగం పెంచిన రకం: 485 మెగాహెర్ట్జ్ నుంచి 729కి. హెచ్‌డీ లేదు. ఖర్చంతా చేతిలోని రిమోట్ మీద పెట్టారు. రిమోట్ ముక్కులో ఇన్‌ఫ్రారెడ్ కెమెరా, లోపల కదలికని పసిగట్టే యాక్సిలెరోమీటర్. టీవీ మీద పెట్టే సెన్సర్ బార్ పేరుకే సెన్సర్. అది ఏదీ గ్రహించదు, రెండు కొసల్లో ఇన్‌ఫ్రారెడ్ లైట్లు వెలిగిస్తుందంతే. రెండు కొవ్వొత్తులు తగిన ఎడంలో పెట్టినా రిమోట్ తెర మీద గురి చూపిస్తుంది. సెన్సర్ బార్ వైరు తెగిందని కన్సోల్ మూలన పడేసే అవసరం లేదు.

మొదటి నెలలోనే మణికట్టు తాడు తెగి రిమోట్లు టీవీలకు తగిలాయి. సన్న తాడు బదులు లావు తాడు పంపుతామని కంపెనీ డిసెంబరులో ప్రకటించింది. అది చిన్న సంగతి. పెద్ద సంగతి మరొకటి: వీ కొన్నవాళ్లలో చాలామందికి, ముఖ్యంగా జపాన్ బయట, దాంతోపాటే వచ్చిన వీ స్పోర్ట్స్‌తోనే సరిపోయింది. ఆ ఆట కాపీలు 8.29 కోట్లు. బౌలింగ్, టెన్నిస్ ఆడి సంతోషపడ్డవాళ్లు మరో ఆట కోసం వెతకలేదు; చేతికి స్మార్ట్‌ఫోన్ రాగానే అటు వెళ్లిపోయారు. తర్వాత వచ్చిన వీ యూ 1.36 కోట్లతో చతికిలబడింది. 2012 మార్చితో ముగిసిన ఏడాది నింటెండో 4,320 కోట్ల యెన్‌ల నికర నష్టం చూపింది. అందులో 3డీఎస్ అనే చేతి యంత్రం ధర తగ్గింపు, యెన్ బలపడటం పాత్ర కూడా ఉంది, తప్పంతా వీ మీద వేయలేం. అయినా 10 కోట్ల ఇళ్లలోకి వెళ్లిన యంత్రం తన వారసుడికి 1.4 కోట్ల మందిని కూడా అప్పగించలేకపోయిందంటే, ఆ గెలుపు అద్దెకు తెచ్చుకున్నదనే చెప్పాలి.

గేమ్ బాయ్: పాత సరుకుతో

గేమ్ బాయ్ వెనకున్న గున్‌పేయ్ యోకోయి 1965లో నింటెండోలో చేరింది ఫ్యాక్టరీలో పేకముక్కలు చేసే యంత్రాలు చూసుకునే ఉద్యోగానికి. ఆయన పద్ధతి ఒక్కటే: కొత్తగా, ఖరీదుగా వచ్చిన సాంకేతికత వెంట పడొద్దు; అందరికీ అలవాటై, చవకై, జబ్బులన్నీ తెలిసిపోయినదాన్ని తీసుకుని కొత్త పనికి వాడు. క్యాలిక్యులేటర్ తెరలతో గేమ్ అండ్ వాచ్ అనే చిన్న చేతి ఆటలు చేసింది అలాగే. 1989 ఏప్రిల్ 21న వచ్చిన గేమ్ బాయ్ ఆ పద్ధతికి పరాకాష్ఠ.

కాగితం మీద చూస్తే అది ఓడిపోవాల్సిన యంత్రం. 160 బై 144 చుక్కల తెర, నాలుగు ఛాయలు, వెనక లైటు లేదు, బొమ్మ వేగంగా కదిలితే నీడలా సాగేది. అదే ఏడాది వచ్చిన అటారీ లింక్స్‌కి రంగులున్నాయి, లైటుంది. మరుసటి ఏడాది సెగా గేమ్ గేర్‌కీ ఉన్నాయి. కానీ ఆ రెండూ ఆరేసి పెన్సిల్ బ్యాటరీలు మింగి నాలుగైదు గంటల్లో ఆరిపోయేవి. గేమ్ బాయ్ నాలుగు బ్యాటరీల మీద పది గంటలకు పైనే నడిచేది. లింక్స్ ధర 180 డాలర్ల దగ్గర, గేమ్ బాయ్ 90 దగ్గర. జేబులో పెట్టుకునే వస్తువు కొనేవాడికి రంగు కన్నా బ్యాటరీయే ముఖ్యమని పోటీదారులకు ఆలస్యంగా అర్థమైంది.

ఆ పొదుపు ఇన్నేళ్ల తర్వాత కూడా కనిపిస్తుంది. అటక మీద దొరికిన గేమ్ గేర్ చాలావరకు కెపాసిటర్లు కారిపోయి, శబ్దమో బొమ్మో పోయి ఉంటుంది. కెపాసిటర్లన్నీ మార్చితే గానీ లేవదు. గేమ్ బాయ్‌కి మామూలుగా వచ్చేది తెర మీద నిలువు గీతలు మాయమవడం. గాజు కింది అంచున రిబ్బన్ కేబుల్ జిగురు పట్టు వదలడమే కారణం. తెర ముందున్న ప్లాస్టిక్ తీసి, ఆ రిబ్బన్ మీది రబ్బరు పట్టీ పక్కకు జరిపి, తక్కువ వేడి మీద సోల్డరింగ్ ఐరన్‌ని మెల్లగా అటూ ఇటూ నడిపితే గీతలు ఒక్కొక్కటే తిరిగొస్తాయి. ఒకే చోట ఆపితే రిబ్బన్ కాలిపోతుంది. అడ్డగీతలు పోతే మాత్రం పని కష్టం, ఆ రిబ్బన్ పక్క అంచున ఉంటుంది, ఐరన్ సరిగ్గా అందదు.

యంత్రం సగం గెలుపే. మిగతా సగం టెట్రిస్, పైనుంచి పడే ముక్కల్ని పేర్చే ఆట. ఆటల ప్రచురణకర్త హెంక్ రోజర్స్ 1989 ఫిబ్రవరిలో మాస్కో వెళ్లి, సోవియట్ ప్రభుత్వ సంస్థ ఎలోర్గ్ గుమ్మం తట్టి, చేతి యంత్రాల హక్కులు సంపాదించారు. గేమ్ బాయ్‌తో మారియో ఇస్తే పిల్లలు ఆడతారు, టెట్రిస్ ఇస్తే అందరూ ఆడతారన్నది నింటెండో ఆఫ్ అమెరికా అధిపతి మినోరు అరకావా ముందు ఆయన పెట్టిన వాదన. అరకావా ఒప్పుకున్నారు. అమెరికాలో పెట్టెలోనే టెట్రిస్ వచ్చింది, పెద్దవాళ్లు కూడా కొన్నారు. గేమ్ బాయ్ టెట్రిస్ 3.5 కోట్ల దాకా అమ్ముడుపోయింది.

ఇక మూడో కొలత. ఏడేళ్ల వయసొచ్చి, ముసలిదైపోయిందనుకున్న యంత్రం మీద 1996 ఫిబ్రవరి 27న గేమ్ ఫ్రీక్ అనే కంపెనీ పోకెమాన్ ఆట తెచ్చింది. మొదటి రోజునుంచీ గేమ్ బాయ్ పక్కనున్న లింక్ కేబుల్ రంధ్రమే ఆ ఆటకు ప్రాణం. ఒకరి దగ్గర లేని ప్రాణిని ఇంకొకరి దగ్గర నుంచి మార్చుకోవాలి, అందుకే ఆటను రెండు రకాలుగా అమ్మారు. గేమ్ బాయ్, గేమ్ బాయ్ కలర్ కలిపి 11.87 కోట్లు. ఇంట్లో నింటెండో 64 ప్లేస్టేషన్ ముందు, గేమ్‌క్యూబ్ ప్లేస్టేషన్ 2 ముందు తేలిపోయిన ఏళ్లలో కంపెనీని మోసింది ఈ చేతి యంత్రాల వరసే. వీ చేయలేని పని అది: వారసుడిని ఒట్టి చేతులతో పంపలేదు. 2001 గేమ్ బాయ్ అడ్వాన్స్‌లో 1989 కార్ట్రిడ్జ్ కూడా నడిచేది.

నాలుగింటిలో మొదటి స్థానం గేమ్ బాయ్‌కే ఇవ్వాలి. ధైర్యం ఒక్కటే చూస్తే ఎన్ఈఎస్ ముందుంటుంది. కానీ అది తెచ్చిన శత్రువుల లెక్క కూడా రాయాలి. గేమ్ బాయ్ ఖాతాలో అలాంటి అప్పు లేదు.

స్విచ్: ఇంకా తేలని లెక్క

వీ యూ దెబ్బ తర్వాత 2017 మార్చి 3న వచ్చిన స్విచ్‌లో యోకోయి పద్ధతి మళ్లీ కనిపిస్తుంది. లోపల ఎన్‌విడియా టెగ్రా ఎక్స్1, అప్పటికే వేరే పరికరాల్లో వాడుకలో ఉన్న చిప్. కొత్తదనం డాక్‌లో (టీవీకి కలిపే స్టాండ్) ఉంది: టీవీ ముందు పెట్టినదాన్నే తీసి చేత్తో పట్టుకెళ్లొచ్చు. అంతకన్నా ముఖ్యమైన మార్పు కంపెనీ లోపల జరిగింది. ఇంటి కన్సోల్‌కి ఒక జట్టు, చేతి యంత్రానికి ఇంకో జట్టు అన్న విభజన 2015 నాటికి పోయింది. ఆటలన్నీ ఒకే యంత్రానికి రావడంతో వీ యూ కాలపు కరవు మళ్లీ రాలేదు. మొదటి రోజే జెల్డా: బ్రెత్ ఆఫ్ ద వైల్డ్ ఆట ఉండటం కలిసొచ్చింది.

మచ్చ జాయ్-కాన్ డ్రిఫ్ట్. జాయ్-కాన్ అంటే స్విచ్ పక్కల తగిలించే కంట్రోలర్. స్టిక్ ముట్టుకోకపోయినా పాత్ర దానంతటదే నడుస్తుంది. స్టిక్ కింద కార్బన్ పూత మీద చిన్న లోహపు ముక్క రాసుకుంటూ తిరుగుతుంది; పూత అరిగేకొద్దీ స్టిక్ నడుమున ఉన్నా విలువ తప్పుగా వస్తుంది. సెట్టింగ్స్‌లో క్యాలిబ్రేషన్ చేస్తే కొన్నాళ్లు ఆగుతుంది, అరుగుదల ఆగదు. మూడు రెక్కల స్క్రూడ్రైవర్‌తో విప్పి స్టిక్ మార్చడమే మందు. విప్పేటప్పుడు రెండు చిప్పల మధ్య రిబ్బన్లు ఉంటాయి, విసురుగా లాగితే తెగుతాయి. అయస్కాంతంతో పనిచేసే, అరగని హాల్ ఎఫెక్ట్ స్టిక్‌లు బజారులో ఉన్నా, 2025 జూన్ 5న వచ్చిన స్విచ్ 2లోనూ నింటెండో వాటిని పెట్టలేదు. ఇంత నేర్చుకున్న కంపెనీకి ఈ మొండితనం ఎందుకో బోధపడదు.

స్విచ్ 2 పాత స్విచ్ ఆటల్లో చాలావరకు నడిపిస్తుంది, కొన్నవాళ్లు తమ ఆటలతో సహా కొత్త యంత్రానికి వస్తున్నారు. వీ తెంచేసిన దారం ఇక్కడ తెగకపోతే, ఈ వరసని తిరగరాసి గేమ్ బాయ్‌ని రెండో స్థానానికి దించాల్సి వస్తుంది.