ఫిరాయింపుల గొడవలో ఏది మేలు: పాత పోస్టులు తవ్వడమా, పార్టీ పేరు మార్చి చూడడమా?

ఎమ్మెల్యే ఎవరైనా కండువా మార్చారంటే చాలు, హైదరాబాద్‌లో కాలనీ వాట్సాప్ గ్రూపులన్నిటా ఒకటే రచ్చ. "అప్పుడు మీవాళ్లు చేయలేదా?" అని ఒకరు, "అది వేరు, ఇది వేరు" అని ఇంకొకరు. ఎవరిది న్యాయమైన కోపమో, ఎవరిది పార్టీ అభిమానమో తేల్చేదెలా అని చాలామంది అడుగుతున్నారు.

ఎక్కువమంది చేసేది పాత పోస్టులు తవ్వడం. ఎక్స్‌లో అయితే అడ్వాన్స్‌డ్ సెర్చ్‌లో ఖాతా పేరు, తేదీలు ఇస్తే ఇప్పుడు కోపపడుతున్న పెద్దమనిషి 2019 జూన్‌లో, అంటే అప్పటి ఫిరాయింపుల వేళ, ఏం రాశారో బయటపడుతుంది. దొరికితే సరే. దొరకకపోతేనే చిక్కు: అప్పుడు మాట్లాడనంత మాత్రాన మెచ్చుకున్నట్టు కాదు కదా. తేదీ కత్తిరించిన స్క్రీన్‌షాట్ల బెడద సరేసరి. ఆయనది రెండు నాల్కల ధోరణి అని తేలినా, ఫిరాయింపు తప్పా కాదా అన్న ప్రశ్న అలాగే మిగిలిపోతుంది.

నా ఓటు పేరు మార్చి చూడడానికే, అంటే అదే పని ఇంకో పార్టీ చేసినా ఇదే మాట అంటామా అని చూసుకోవడానికి. ముందు మీ అభ్యంతరాన్ని పార్టీ పేరు లేకుండా ఒక్క వాక్యంలో రాసుకోండి: "ఒక గుర్తు మీద గెలిచి, రాజీనామా చేయకుండా ఇంకో పార్టీలో చేరడం ఓటరుకు ద్రోహం." ఇప్పుడు రెండు ఉదంతాలనూ దాని ముందు పెట్టండి. 2019 జూన్‌లో 12 మంది కాంగ్రెస్ ఎమ్మెల్యేలు టీఆర్ఎస్ (ఇప్పటి బీఆర్ఎస్) శాసనసభాపక్షంలో విలీనమయ్యారు. 2023లో బీఆర్ఎస్ టికెట్ మీద గెలిచిన 10 మంది కాంగ్రెస్‌లోకి ఫిరాయించారంటూ అనర్హత పిటిషన్లు పడ్డాయి.

"అది వేరు" అనే మాటలో చట్టం వరకూ నిజముంది. రాజ్యాంగంలో ఫిరాయింపులను అడ్డుకునే పదో షెడ్యూలు ప్రకారం విలీనానికి మూడింట రెండొంతుల మంది కావాలి. ఉత్తమ్ కుమార్ రెడ్డి ఎంపీ అయి రాజీనామా చేశాక కాంగ్రెస్‌కు మిగిలింది 18 మంది, అందులో 12 సరిగ్గా సరిపోయింది. బీఆర్ఎస్ గెలిచిన 39లో 10 చాలదు. కానీ మీరు రాసుకున్న వాక్యం ఓటరు గురించి. 2019లోనూ మార్చి నుంచి ఒక్కొక్కరే ప్రకటిస్తూ వచ్చి, లెక్క నిండాక విలీనమన్నారు. రాజీనామా చేసి మళ్లీ ఓటరు ముందుకు వెళ్లినవారు లేరు.

ఇక్కడ జరిగే పొరపాటు, వాక్యాన్ని ముందు రాసుకోకపోవడం. వాదన మొదలయ్యాక రాస్తే, మనకు నచ్చిన పార్టీ తప్పించుకునే సందు అందులో ఎలాగూ పెట్టేస్తాం. రెండోది, పేర్లు మార్చి చూసి "అందరూ దొంగలే" అని చేతులు దులుపుకోవడం. తేడా ఉంటే ఒప్పుకోవాలి, ఆ తేడా అవతలి పార్టీకి కలిసొచ్చినా సరే.

గ్రూపు మ్యూట్ చేయడమంటారా, ప్రశాంతత దక్కుతుంది, అంతే. ఫ్యాక్ట్ చెక్ మాత్రం వీటన్నిటికంటే ముందు చేయాల్సిన పని.