చెన్నైలో టైర్లు ఎప్పుడు మార్చాలి? 185/65 ఆర్15 సైజు సెట్టు, 4 ఏళ్లు, 46 వేల కిలోమీటర్లు

బండి పెట్రోలు హ్యాచ్‌బ్యాక్, ఇంజిన్ ముందు చక్రాలను తిప్పే రకం. టైరు 185/65 ఆర్15 88హెచ్, మెత్తని ప్రయాణానికి చేసిన టూరింగ్ రకం. 2021 సెప్టెంబరులో వేశాం. తిరుగుడు ఎక్కువగా నగరంలోని ఓఎంఆర్ రోడ్డు, వేళచ్చేరి. నెలకోసారి నెల్లూరు హైవే. కొత్తలో గాడి లోతు 7.8 మి.మీ. ఇప్పుడు ముందు 3.1, వెనక 3.4. అంటే దాదాపు 10 వేల కిలోమీటర్లకు ఒక మిల్లీమీటరు అరిగింది. పొడి రోడ్డు మీద ఈ టైరుకు ఇప్పటికీ వంక పెట్టలేం. అయినా ఈ సెప్టెంబరులో తీసేస్తున్నాం. కారణం వాన.

చలిదేశాల్లో వింటర్ టైర్లకు 7 డిగ్రీల లెక్క ఉంది. అంతకంటే కిందికి దిగితే మామూలు టైరు రబ్బరు గట్టిపడి పట్టు వదులుతుంది. జర్మనీలో అక్టోబరు నుంచి ఈస్టర్ దాకా అని గుర్తుపెట్టుకుంటారు. మనకు ఆ బాధ లేదు. చెన్నై జనవరి రాత్రి కూడా 20 డిగ్రీల చుట్టుపక్కలే ఉంటుంది. బెంగళూరు చరిత్రలో అత్యల్పం 1884 జనవరిలో నమోదైన 7.8 డిగ్రీలు. అందుకే సైడ్‌వాల్ (టైరు పక్క గోడ) మీద మూడు శిఖరాల కొండ, మధ్యలో మంచు రేకు గుర్తున్న వింటర్ టైరు ఎవరైనా చవగ్గా ఇస్తామన్నా తీసుకోవద్దు. ఆ మెత్తటి రబ్బరు మన మే నెల రోడ్డు మీద ఇట్టే అరిగిపోతుంది, బ్రేకు వేస్తే బండి ఆగే దూరమూ పెరుగుతుంది.

మన సీజను దీపావళి వానలది. చెన్నైకి ఏడాది వానలో పెద్ద వాటా అక్టోబరు నుంచి డిసెంబరు లోపే పడుతుంది. చట్టం ఒప్పుకునే కనీస లోతు 1.6 మి.మీ. గాడుల అడుగున చిన్న దిమ్మెల్లాంటి గుర్తులుంటాయి. టైరు వాటితో సమానమైతే ఆ గీత దాటినట్టే. కానీ వానలో ఆ దిమ్మెలు బయటపడేదాకా ఆగితే ఆలస్యమే. గాడి పని నీటిని పక్కలకు తోసేయడం. లోతు తగ్గేకొద్దీ తోసే నీరు తగ్గుతుంది. మిగిలిన నీరు టైరుకూ రోడ్డుకూ మధ్య పొరలా చేరి బండిని తేల్చేస్తుంది. అప్పుడు స్టీరింగు ఒక్కసారిగా తేలికవుతుంది. ఈ సెట్టులో గాడి లోతు 4 మి.మీ. కంటే తగ్గాక హైవే మీద నీళ్లు నిలిచిన చోట గంటకు 80 కి.మీ. దగ్గరే ఆ తేలిక తెలిసింది. కొత్తలో అదే వేగంలో లేదు.

గాలి తక్కువైతే ఇది ఇంకా ముందే మొదలవుతుంది. టైరు తేలే వేగం గాలి పీడనం వర్గమూలాన్ని బట్టి మారుతుందని పాత లెక్క ఒకటి ఉంది. దాని ప్రకారం 33 పీఎస్‌ఐ గాలికి గంటకు సుమారు 95 కి.మీ., 25కి సుమారు 83. విమానం టైర్ల కోసం కట్టిన లెక్క కాబట్టి అంకెలను పట్టుకు వేలాడక్కర్లేదు, దిశ మాత్రం నిజం. గాలి రెండు వారాలకోసారి, టైరు చల్లగా ఉన్నప్పుడే చూడాలి. ఎండలో నడిపొచ్చి చూస్తే రెండు మూడు పీఎస్‌ఐ ఎక్కువ చూపిస్తుంది. అది చూసి గాలి తీసేయడం మన బంకుల దగ్గర రోజూ జరిగే తప్పు.

మేం పాటించే పద్ధతి ఇది. ఆగస్టు మధ్యలో గాడి లోతు కొలిచే డెప్త్ గేజ్‌తో ఒక్కో టైరును లోపలి అంచు, మధ్య, బయటి అంచు చొప్పున మూడు చోట్ల కొలుస్తాం. ఎక్కడ తక్కువుంటే అదే లెక్క. వానాకాలం మూడు నెలల్లో 3 వేల కి.మీ. తిరిగితే 0.3 పోతుంది. డిసెంబరు చివరికి 3 మి.మీ. మిగలదనిపిస్తే సెప్టెంబరులోనే మార్పు. 3.5 ఉంటే ఇంకో ఏడాది లాగొచ్చు: జనవరి నుంచి పొడి నెలలే కదా, ఆ ఆఖరి మిల్లీమీటరు అప్పుడు అరగనివ్వండి. ఏప్రిల్‌లో కొత్తవి వేయించి, కొత్త గాడిని ఎండకు అరగదీయడం డబ్బు దండగ. ఇక మొదటి పెద్ద వాన పడ్డాక టైర్ల షాపులుండే జనరల్ ప్యాటర్స్ రోడ్డుకు వెళితే బేరానికీ ఎంపికకూ తీరిక ఉండదు.

అరిగిన తీరు కూడా చూడాలి. మధ్యలో అరిగితే గాలి ఎక్కువ, రెండు అంచులూ అరిగితే తక్కువ, లోపలి అంచు ఒక్కటే అరిగితే అలైన్‌మెంట్ (చక్రాల కోణం) తేడా. ఈ సెట్టుకు 22 వేల దగ్గర ముందు ఎడమ టైరు లోపలి అంచు 0.8 ఎక్కువ అరిగింది. అలైన్‌మెంట్ చేయిస్తే అక్కడితో ఆగింది. 10 వేలకోసారి ముందువి నేరుగా వెనక్కి, వెనకవి అటూ ఇటూ మార్చి ముందుకు వేయించాం. గుంతలో పడి సైడ్‌వాల్ బొబ్బలా ఉబ్బితే లోపలి దారాలు తెగినట్టే, దానికి ప్యాచ్ లేదు.

కొనేటప్పుడు టైరు మీది నాలుగంకెల తయారీ తేదీ చదవండి: 2825 అంటే 2025లో 28వ వారం. ఆరు నెలలు దాటిన సరుకైతే ఇంకోటి అడగండి. రబ్బరు వాల్వులు కూడా కొత్తవి వేయించండి. వాటికయ్యేది టీ ఖర్చు కంటే కాస్త ఎక్కువ, పాతవి పగిలితే గాలి మెల్లగా పోతుంది. రెండే కొంటే కొత్తవి వెనక వేయించాలి. ముందు వేయమని షాపువాళ్లు అంటారు, వినకండి. ముందు టైర్లు జారితే యాక్సిలరేటర్ మీద కాలు తీస్తే బండి దారికొస్తుంది, వెనకవి జారితే గిరగిరా తిరిగిపోతుంది. నట్లు గన్‌తో బిగించి వదిలేయనివ్వకండి. మాన్యువల్‌లో ఉన్న టార్క్‌కు (బిగింపు బలానికి) రెంచ్‌తో బిగించి, 100 కి.మీ. తర్వాత మళ్లీ చూడాలి. మొదటి 200 కి.మీ. తడిలో మెల్లగా పోనివ్వండి, కొత్త టైరు పైపొర నున్నగా ఉంటుంది.

స్టెప్నీ తేదీ కూడా అప్పుడే చూసేయండి. గాడి నిండుగా ఉన్నా ఆరేళ్లు దాటి సైడ్‌వాల్ మీద సన్న పగుళ్లుంటే అది హైవేకు పనికిరాదు, పంక్చర్ షాపు దాకా తీసుకెళ్లడానికే.